తోట ఇళ్ళలో వైఫై లోప నిర్ధారణ: ఉద్దానం, టెక్కలి, పలాస పరిశీలనల ఆధారంగా ఒక పద్ధతి

జీడిమామిడి పూత దశలో టీ దోమ ఆశించినప్పుడు లేత రెమ్మలపైనా, పూగుత్తులపైనా ఏర్పడే మచ్చలను దగ్గరగా చూస్తేగాని శాస్త్రవేత్త నమ్మకంగా సలహా ఇవ్వలేడు. ఈ పరిశీలన ఇప్పుడు చాలా సందర్భాలలో వీడియో కాల్ ద్వారానే జరుగుతున్నది. రైతు కోసి తెచ్చిన రెమ్మను ఫోనుకు దగ్గరగా పెట్టిన క్షణంలోనే దృశ్యం నిలిచిపోవడం, మాట తెగిపోవడం విస్తరణ విభాగంలో పనిచేసే ప్రతి ఒక్కరికీ అనుభవమే. మనం “మీ దగ్గర సిగ్నల్ లేదు” అని చెప్పి ఊరుకుంటాం. రైతు ఆ మాటను నమ్మి, మరుసటి వారం పట్టణానికి వెళ్ళి ఒక ఎక్స్‌టెండర్ కొని తెస్తాడు. రెమ్మ చూడకుండా మనం మందు చెప్పినా, కారణం తెలియకుండా అతడు పరికరం కొన్నా జరిగిన పొరపాటు ఒక్కటే.

వ్యవసాయ పరిశోధన పత్రికలో వైఫై గురించిన వ్యాసమేమిటని పాఠకులకు సందేహం కలగవచ్చు. ఈ రచయిత కంప్యూటర్ నిపుణుడు కాడు. అయితే గ్రామీణ వ్యవసాయ పని అనుభవ కార్యక్రమంలో భాగంగా విద్యార్థులు బస చేసే ఇళ్ళలోనూ, క్షేత్ర సిబ్బంది సమాచారం నమోదు చేసే చోట్లలోనూ పని ఆగిపోవడానికి ఈ లోపం తరచుగా కారణమవుతున్నది. లోపాన్ని గుర్తించే క్రమం మాత్రం మన శాస్త్రానికి కొత్తది కాదు.

వజ్రపుకొత్తూరు మండలంలో సముద్రానికి చేరువగా ఉన్న ఒక తోట ఇంటిని ఉదాహరణగా తీసుకుంటాను. వీధివైపు పాత పెంకుటిల్లు, దానిని ఆనుకుని ఒక డాబా గది, వెనుక సుమారు 40 మీటర్ల దూరంలో కొబ్బరి వరుసల అవతల కుమారుడు కట్టుకున్న కొత్త ఇల్లు ఉన్నాయి. ఫైబర్ తీగ ముందరి ఇంటిలోకి వచ్చి, ఇనుప బీరువాపై పెట్టిన ఓఎన్‌టీ పెట్టెలో చేరుతుంది. పాత కనెక్షన్ నాటి రౌటర్‌ను దానికి తీగతో కలిపి డాబా గదిలో పెట్టారు. వసారా స్తంభానికి ఒక ఎక్స్‌టెండర్, వెనుక ఇంటిలో మరొకటి. మా విద్యార్థులు అక్కడ బస చేస్తున్న రోజులలో నేను వెళ్ళేసరికి ఇంటి యజమాని మూడవ ఎక్స్‌టెండర్ కోసం కాశీబుగ్గ బయలుదేరుతున్నారు. “వాన పడితే నెట్టు పోతాది మాస్టారూ, ఎండ కాస్తే మళ్ళీ వస్తాది. డబ్బాలు చాలడం లేదు, ఇంకోటి వేస్తే సరిపోతాది” అన్నారు. వీరి పరిశీలన సరియైనదే. దాని నుండి చేసిన నిర్ణయమే తప్పు.

కొబ్బరి ఆకు పసుపుబారిందని రైతు చెప్పినప్పుడు మనం వెంటనే ఎరువు చెప్పం. ముదురు ఆకులా, లేత ఆకులా? అంచులనుండి మొదలయిందా, ఈనెలమధ్యనా? తోట అంతటా ఉందా, పల్లంలోని చెట్లకేనా? పోషకలోపం, నీటి నిల్వ, వేరు దెబ్బతినడం, ఇవన్నీ దూరంనుండి చూస్తే ఒకే పసుపు రంగు. వైఫైలో “నెమ్మదిగా ఉంది” అన్న ఫిర్యాదు కూడా అటువంటిదే. ఏ గదిలో, ఏ వేళలో, ఒక్క ఫోనుకా లేక అన్నింటికా అన్న మూడు ప్రశ్నలు అడగకుండా ముందుకు వెళ్ళరాదు. అన్ని గదులలో అన్ని ఫోన్లకూ ఒకేసారి ఆగితే దోషం మూలంలో ఉంది. ఒక గదిలో మాత్రమే ఆగితే గాలిమార్గంలో ఉంది. ఒకే ఫోనుకు ఆగితే ఆ ఫోనులోనో, దానికి దొరికిన చిరునామాలోనో ఉంది. రాత్రి ఏడు నుండి పది మధ్యనే ఆగితే వాడకం రద్దీని అనుమానించాలి.

మార్గాన్ని మూడు భాగాలుగా విభజించుకోవడం

బిందు సేద్యంలో చివరి మొక్కకు నీరు అందకపోతే ముందుగా డ్రిప్పర్‌ను విప్పం. మోటారు దగ్గర పీడనం చూసి, ఫిల్టర్ దాటిన తరువాత మళ్ళీ చూసి, ఉప ప్రధాన గొట్టం మీదుగా లాటరల్ వరకు నడుస్తాం. ఇంటి నెట్‌వర్క్‌లో కూడా బయటినుండి ఓఎన్‌టీ వరకు వచ్చే మార్గం ఒకటి, ఓఎన్‌టీ నుండి ఇంట్లోని రౌటర్ల మధ్య తీగలు, చిరునామాల పంపకం రెండవది, చివరి పెట్టె యాంటెన్నా నుండి ఫోను వరకు గాలిమార్గం మూడవది. ఈ వరుసలోనే పరీక్షించాలి. చివరినుండి మొదలుపెట్టినవారు పరికరాలు కొంటూనే ఉంటారు.

పరీక్షకు ముందు ఓఎన్‌టీ తప్ప మిగిలిన రౌటర్లు, ఎక్స్‌టెండర్లు అన్నింటినీ ఆపివేయాలి. ల్యాప్‌టాప్ ఉంటే ఓఎన్‌టీకి నేరుగా తీగతో కలపాలి. లేనప్పుడు ఫోను పట్టుకుని దానికి రెండు మీటర్ల దూరంలో నిలబడినా చాలును. ఇదే మన ప్రయోగంలో నియంత్రణ మడి. ఇక్కడి వేగం, ఆలస్యం ఎంతో ఉదయం, మధ్యాహ్నం, రాత్రి నమోదు చేసుకున్న తరువాతనే ఒక్కొక్క పరికరాన్ని తిరిగి కలుపుతూ పోవాలి. ఒకసారికి ఒకే మార్పు. రెండు మార్పులు ఒకేసారి చేసిన విద్యార్థికి దేనివల్ల మేలు జరిగిందో చెప్పే వీలుండదు.

ఆలస్యాన్ని కొలవడానికి పింగ్ అనే చిన్న పరీక్ష ఉంది. ఫోనులో ఉచిత యాప్‌ల ద్వారా కూడా చేయవచ్చు. మొదట ఇంటి రౌటర్ చిరునామాకు, సాధారణంగా 192.168.1.1 వంటిదానికి, తరువాత బయటి ప్రపంచంలోని 8.8.8.8 వంటి స్థిరమైన చిరునామాకు పంపాలి. రౌటర్ నుండే జవాబు ఆలస్యమైనా, తప్పిపోయినా లోపం ఇంట్లోనే ఉంది. బయటి కనెక్షన్ ఇచ్చినవారికి ఫోను చేసి ప్రయోజనం లేదు. రౌటర్ వెంటనే పలికి, బయటి చిరునామా పలకకపోతే లోపం గడప బయట ఉంది. రెండూ పలికి, వెబ్‌సైట్లు మాత్రం తెరుచుకోకపోతే పేర్లను సంఖ్యలుగా మార్చే డీఎన్ఎస్ సేవను చూడాలి. ఈ పరీక్షకు పట్టే సమయం అయిదు నిమిషాలు. దీనిని చేయకుండానే సగం ఫిర్యాదులు దాఖలవుతున్నాయని నా అభిప్రాయం.

మొదటి భాగం: గడప వరకు

శ్రీకాకుళం జిల్లా తీరంలో ఈ భాగానికి ఒక ప్రత్యేకత ఉంది. 2017 డిసెంబరు 27న నాటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించిన ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్‌లో ఆప్టికల్ ఫైబర్ చాలావరకు విద్యుత్ స్తంభాల మీదుగానే గ్రామాలకు చేరింది. తక్కువ కాలంలో, తక్కువ వ్యయంతో మారుమూలలకు చేరడానికి ఇదే మార్గం. పది నెలలు తిరగకుండానే 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస సమీపంలో తీరం దాటింది. గంటకు 140 నుండి 150 కిలోమీటర్ల గాలులకు ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలతో పాటు స్తంభాలూ నేలకొరిగాయి. స్తంభం పడిపోతే కరెంటు, ఫైబర్ రెండూ ఒకేసారి పోతాయి. ఈ విషయానికి చివర తిరిగి వస్తాను.

సాధారణ రోజులలో చూడవలసినది ఓఎన్‌టీ మీది దీపాలు. ‘లాస్’ అనే ఎర్ర దీపం వెలిగితే కాంతి సంకేతమే రావడం లేదు. దీపం పచ్చగానే ఉండి కనెక్షన్ తరచుగా తెగుతుంటే పెట్టె సెట్టింగుల పేజీలో అందుతున్న కాంతి బలాన్ని చదవవచ్చు. జీపాన్ పద్ధతి కనెక్షన్లలో ఇది సుమారు మైనస్ 8 నుండి మైనస్ 27 డీబీఎం మధ్య ఉండాలి. మైనస్ 27కు చేరువలో ఉంటే తీగ ఎక్కడో మడతపడిందని గాని, అతుకు పాడయిందని గాని అర్థం. గోడ మూలలో ఫైబర్‌ను రాగి తీగలా లంబకోణంలో వంచి మేకు కొట్టడం తరచుగా కనబడే పొరపాటు. వంచిన చోట కాంతి బయటకు కారిపోతుంది.

కరెంటు మరొక అంశం. ఓల్టేజి పడిపోయినప్పుడు పెట్టె పూర్తిగా ఆరిపోకుండా తిరిగి తిరిగి మొదలవుతుంది. ఇంటివారికి అది “నెట్ వచ్చి పోతోంది” అనిపిస్తుంది. సెట్టింగుల పేజీలో పెట్టె ఎంతసేపటిగా నడుస్తున్నదో రాసి ఉంటుంది. ఉదయం నుండి కరెంటు ఉన్నా అక్కడ పది నిమిషాలు అని కనిపిస్తే అడాప్టర్‌ను అనుమానించాలి.

రెండవ భాగం: ఇద్దరు కరణాలున్న ఊరు

ప్రతి రౌటరూ తనకు కలిసిన పరికరాలకు ఒక సంఖ్యా చిరునామాను కేటాయిస్తుంది. ఈ పనిని డీహెచ్‌సీపీ అంటారు. ఒక ఊరికి ఇద్దరు కరణాలు ఉండి, ఒకరికి తెలియకుండా మరొకరు అదే సర్వే నంబరు భూమిని వేర్వేరు పేర్ల మీద రాస్తే ఏమవుతుందో, ఒకే తీగల వ్యవస్థలో రెండు రౌటర్లు చిరునామాలు పంచితే అదే అవుతుంది. మనం చూసిన ఇంటిలో ఓఎన్‌టీ చిరునామా, పాత రౌటర్ చిరునామా రెండూ 192.168.1.1. డాబా గదిలోని ఫోను బయటకు దారి అడిగితే ఒకసారి ఓఎన్‌టీ, మరొకసారి బయటికి ఏ దారీ లేని పాత రౌటర్ జవాబిస్తున్నాయి. కొన్నిసార్లు పనిచేసి కొన్నిసార్లు పనిచేయకపోవడానికి కారణం ఇదే. దీనికి వానతో సంబంధం లేదు. ఒకే ఇంటిలో రెండు వేర్వేరు జబ్బులు కలిసి ఉండడం వల్లనే ఎవరికీ అంతు చిక్కలేదు.

దీనికి ఖర్చు లేని చికిత్స ఉంది. రెండవ రౌటర్ సెట్టింగులలో యాక్సెస్ పాయింట్ మోడ్ ఉంటే దానిని ఎంచుకోవాలి. పాత నమూనాలలో అది ఉండదు. అప్పుడు దాని చిరునామాను 192.168.1.2గా మార్చి, డీహెచ్‌సీపీని ఆపి, ఓఎన్‌టీ నుండి వచ్చే తీగను దాని ‘వాన్’ రంధ్రంలో కాక ‘లాన్’ రంధ్రాలలో ఒకదానికి కలపాలి. ఓఎన్‌టీ పంచే చిరునామాలు 100 నుండి 200 వరకు అని పరిమితి పెడితే చేతితో ఇచ్చిన చిరునామాలతో ఘర్షణ రాదు. తీగను వాన్ రంధ్రంలోనే ఉంచి, రెండవ రౌటర్‌కు వేరొక చిరునామా శ్రేణి ఇచ్చినా ఇంటర్నెట్ వస్తుంది. అయితే చిరునామాల అనువాదం రెండుసార్లు జరుగుతుంది. సినిమా చూడడానికి అది అడ్డు కాదు. ముందరి ఇంటి ఫోను నుండి వెనుక ఇంటి ప్రింటర్‌ను, కెమెరాను అందుకోవడంలో, కొన్ని రకాల వీడియో కాల్స్‌లో ఇబ్బంది పెడుతుంది.

ఫోను చిరునామా 169.254తో మొదలైతే దానికి ఏ రౌటరూ చిరునామా ఇవ్వలేదని, తనంతట తానే పెట్టుకున్నదని తెలుసుకోవాలి. మరొక ప్రమాదం కూడా ఉంది. ఎక్స్‌టెండర్ గాలి ద్వారా రౌటర్‌తో కలిసి ఉండగానే ఎవరో మంచి ఉద్దేశంతో దానికి తీగ కూడా తగిలిస్తారు. అప్పుడు సమాచారం వలయంలో తిరుగుతూ తిరుగుతూ పెరిగి మొత్తం వ్యవస్థనే స్తంభింపజేయవచ్చు. తీగ తగిలిస్తే ఎక్స్‌టెండర్‌ను యాక్సెస్ పాయింట్ మోడ్‌లోకి తప్పనిసరిగా మార్చాలి.

మూడవ భాగం: గాలి, ఆకు, నీరు

ఉద్దానానికి ప్రత్యేకమైన సమస్య ఇక్కడ ఉంది. వైఫై ప్రధానంగా రెండు పౌనఃపున్యాలలో నడుస్తుంది. 2.4 గిగాహెర్ట్జ్ పట్టీని మన దేశంలో 2005 జనవరిలో లైసెన్సు అవసరం లేకుండా విడుదల చేశారు. 5 గిగాహెర్ట్జ్ పట్టీలో విస్తారమైన భాగాన్ని 2018 అక్టోబరులో విడుదల చేశారు. మొదటిదాని తరంగదైర్ఘ్యం సుమారు 12.5 సెంటీమీటర్లు, రెండవదానిది సుమారు 5.5 సెంటీమీటర్లు. వేగం రెండవదానిలో ఎక్కువ, గోడలనూ ఆకులనూ దాటే శక్తి మొదటిదానిలో ఎక్కువ.

సంకేత బలాన్ని డీబీఎంలో కొలుస్తారు. ఇది సంవర్గమాన కొలత గనుక 10 తగ్గితే శక్తి పదవ వంతు అయినట్లు, 3 తగ్గితే సగమైనట్లు. ఫోను దగ్గర మైనస్ 50 చాలా మంచిది. వీడియో కాల్ స్థిరంగా సాగడానికి మైనస్ 67 వరకు ఉండాలి. మైనస్ 80 దగ్గర ఫోనులో వైఫై గుర్తు కనబడుతుంది గాని పని జరగదు. ఫోను తెరపై గీతలను లెక్కపెట్టడం మాని, ఉచిత యాప్‌తో ఈ సంఖ్యను చదవడం విద్యార్థులకు అలవాటు చేయాలి.

చెట్ల గుండా వెళ్ళే రేడియో సంకేతం ఎంత తగ్గుతుందో అంచనా వేయడానికి వైస్‌బర్గర్ సూత్రం వాడుకలో ఉంది. దాని ప్రకారం దట్టమైన ఆకులున్న చెట్ల మధ్య 20 మీటర్లు ప్రయాణిస్తే 2.4 గిగాహెర్ట్జ్ వద్ద సుమారు 10 డెసిబెల్‌లు, 5.5 గిగాహెర్ట్జ్ వద్ద సుమారు 12.6 డెసిబెల్‌లు నష్టం. ఇది సమశీతోష్ణ మండలపు పొడి ఆకులకు వర్తించే లెక్క. ఆకుల మీద నీటి పొర ఉన్నప్పుడు నష్టం ఇంకా పెరుగుతుంది. గాలిలో పడుతున్న వాన చినుకులు ఈ పౌనఃపున్యాలను, ఇంత తక్కువ దూరంలో, లెక్కించదగినంతగా అడ్డుకోవు. యజమాని చెప్పిన “వాన పడితే పోతాది” అన్నది నిజమే అయినా, అడ్డు వాన కాదు, తడిసిన ఆకు. వాన వెలిసినా ఆకు ఆరేవరకు నెట్ రాకపోవడాన్ని విద్యార్థులు రెండు రోజులు గమనించి ధ్రువపరిచారు.

ఇల్లు కట్టిన కొత్తలో రెండిళ్ళ మధ్య నెట్ బాగానే వచ్చేదని కుమారుడు చెప్పారు. పెట్టె పాతబడిందని వారి అనుమానం. తోటలో నిలబడి చూస్తే కారణం కళ్ళ ఎదుటే ఉంది. ఆ వరుసలోని ముదురు కొబ్బరి చెట్లు తిత్లీకి పడిపోగా వాటి స్థానంలో కొత్త మొక్కలు నాటారు. ముదురు చెట్టుకు ఆకులన్నీ తల మీద ఉంటాయి. మనిషి ఎత్తున కాండం మాత్రమే. కాండాల సందులలోనుండి సంకేతం సులభంగా సాగిపోతుంది. లేత కొబ్బరికి కాండం పైకి రావడానికి ఏళ్ళు పడుతుంది. అంతవరకు మట్టలు నేలనుండి మూడు నాలుగు మీటర్ల ఎత్తువరకు విచ్చుకుని, ఎనిమిది మీటర్ల ఎడంలో నాటిన మొక్కల ఆకులు కూడా ఒకదానినొకటి దాదాపు తాకుతాయి. అంటే కిటికీలు, యాంటెన్నాలు ఉండే ఎత్తులోనే పచ్చని గోడ లేచింది. పెట్టె మారలేదు, తోట వయస్సు మారింది. జీడిమామిడి విషయం వేరు. దాని కొమ్మలు ముదిరినా నేల వరకు వాలి ఉంటాయి గనుక, జీడి తోటలో ఎదురుచూసి ప్రయోజనం లేదు.

లెక్క వేసి చూద్దాం. 100 మిల్లీవాట్ల బలంతో, అంటే 20 డీబీఎంతో బయలుదేరిన 2.4 గిగాహెర్ట్జ్ సంకేతం 40 మీటర్ల ఖాళీ స్థలం దాటితే సుమారు 72 డెసిబెల్‌లు కోల్పోయి మైనస్ 52 వద్ద చేరుతుంది. 20 మీటర్ల ఆకుల మందానికి 10, రెండు గోడలకు కలిపి మరొక 15 తీసివేస్తే మైనస్ 77. పొడి రోజున అతి కష్టంగా, తడి రోజున అసలే రాదు. యాంటెన్నా బలం పెంచితే సరిపోదా అని విద్యార్థులు అడిగారు. రౌటర్ గట్టిగా అరచినా, ఫోను తిరిగి పలకవలసినది తన చిన్న గొంతుతోనే. గుర్తు నిండుగా కనిపిస్తూ కాల్ సాగకపోవడానికి తరచుగా ఇదే కారణం.

ఎక్స్‌టెండర్‌ను ఎక్కడ పెట్టాలి అన్న ప్రశ్నకు రైతుకు వెంటనే అర్థమయ్యే జవాబు ఉంది: పంపును నీరున్న బావి దగ్గర పెడతాం గాని ఎండిన మడిలో పెట్టం. సిగ్నల్ లేని గదిలో పెట్టిన ఎక్స్‌టెండర్ లేని సిగ్నల్‌నే విస్తరిస్తుంది. దానికి అందే బలం మైనస్ 65 కంటే మెరుగ్గా ఉండే చోట పెట్టాలి. అయినా మరొక నష్టం తప్పదు. ఒకే రేడియో ఉన్న ఎక్స్‌టెండర్ విన్న మాటను అదే మార్గంలో తిరిగి చెప్పాలి గనుక సమయం సగానికి సగం పోతుంది. 80 ఎంబీపీఎస్ మొదటి ఎక్స్‌టెండర్ దాటితే ఉత్తమ పరిస్థితిలో 40, రెండవది దాటితే 20. వసారాలోని పెట్టెనుండి వెనుక ఇంటి పెట్టెకు, అక్కడినుండి కొనబోతున్న మూడవదానికి వెళ్తే 10. అది కూడా ఎండ కాసిన రోజున.

అందుచేత రెండు కట్టడాల మధ్య గాలిని నమ్ముకోకుండా తీగ వేయడమే శాశ్వత పరిష్కారం. సాధారణ రాగి ఈథర్‌నెట్ తీగ 100 మీటర్ల వరకు పనిచేస్తుంది. అయితే కొబ్బరి తోటలలో పిడుగులు పడడం మనకు తెలిసినదే. రెండు ఇళ్ళను కలిపే రాగి తీగ పిడుగు ప్రభావాన్ని ఇంటిలోకి, పరికరాలలోకి తీసుకువస్తుంది. విద్యుత్తు ప్రవహించని ఫైబర్ తీగను వేసి, రెండు చివరల మీడియా కన్వర్టర్ అనే చిన్న పెట్టెలు అమర్చడం క్షేమం. కొన్నప్పుడు లోహపు తీగ ఆసరాగా లేని ఫైబర్‌నే అడగాలి. ఉద్దానం ఇసుక నేలలో కాలువ తవ్వడం సగం రోజు పని. పందికొక్కులు కొరకకుండా గొట్టంలో వేయాలి. ఈ ఇంటిలో బిందు సేద్యం కోసం తెచ్చి మిగిలిన గొట్టమే ఉపయోగపడింది.

తీగ వేయలేనిచోట ఒకదానినొకటి చూసుకునే దిశాత్మక యాంటెన్నాల జతను వాడవచ్చు. అయితే కంటికి కనిపించే సరళరేఖ ఒక్కటి ఖాళీగా ఉంటే చాలదు. 40 మీటర్ల దూరానికి 2.4 గిగాహెర్ట్జ్ వద్ద మార్గం మధ్యలో రేఖ చుట్టూ సుమారు 1.1 మీటరు ఖాళీ అవసరం. ముదురు కొబ్బరిలో మట్టల కింద ఈ ఖాళీ దొరుకుతుంది. సిగ్నల్ కోసం కాయ కాసే చెట్టు మట్టలు నరకమని మాత్రం ఏ విస్తరణ శాస్త్రవేత్తా చెప్పరాదు.

టెక్కలి వీధి, పలాస కార్ఖానా

ఉద్దానంలో నేర్చుకున్న చికిత్సను టెక్కలికి తీసుకువెళ్తే పనికిరాదు. పట్టణంలో ఉమ్మడి గోడలతో వరుసగా సాగే ఇళ్ళలో సంకేతం బలహీనం కాదు, ఎక్కువ. ఒక గదిలో నిలబడి యాప్ తెరిస్తే పొరుగువారి రౌటర్ల పేర్లే పది కనిపిస్తాయి. 2.4 గిగాహెర్ట్జ్‌లో 13 చానళ్ళు ఉన్నా ఒకదానిపై ఒకటి పడకుండా వాడుకోదగినవి 1, 6, 11 మాత్రమే. వాటిలో తక్కువ రద్దీ ఉన్నదానిని ఎంచుకోవాలి. మధ్యలోని 3, 4 వంటివాటిని తెలివిగా ఎంచుకున్నామనుకునేవారు రెండు వైపులవారితోనూ తగవు పెట్టుకుంటారు. ఈ ఇళ్ళలో 5 గిగాహెర్ట్జ్ గోడలు దాటలేకపోవడమే మేలు. పొరుగింటి సంకేతమూ మన గదిలోకి రాదు. ఇక్కడ ఎక్స్‌టెండర్ కలపడమంటే కిక్కిరిసిన సంతలో మరొకరు కేకలు వేయడమే.

పలాస, కాశీబుగ్గలలో జీడిపప్పు పరిశ్రమను ఆనుకుని ఇల్లు ఉన్నవారి సమస్య మరొకటి. రేకుల షెడ్డు రేడియో తరంగాలను దాటనివ్వదు. షెడ్డు బయట ఎంత బలమైన పెట్టె పెట్టినా లోపలికి ప్రవేశం తలుపు, కిటికీల గుండానే. షెడ్డులోకి తీగ తీసుకువెళ్ళి లోపల ఒక యాక్సెస్ పాయింట్ పెట్టాలి. దానితోపాటు నిఘా కెమెరాలను ఇంటి వైఫై నుండి తొలగించి తీగకు మార్చాలి. కెమెరా రాత్రింబవళ్ళు ఆగకుండా పంపుతూనే ఉంటుంది. దూరాన బలహీనమైన సంకేతంతో నెమ్మదిగా మాట్లాడే ఒక్క కెమెరా, దగ్గర ఉన్న అన్ని ఫోన్ల సమయాన్నీ తినివేయగలదు.

ఈ మూడు చోట్లా కనిపించే ఒక చిన్న చిక్కును కూడా చెప్పాలి. ముందరి ఇంటినుండి వెనుక ఇంటికి నడిచినా ఫోను పాత పెట్టెనే పట్టుకుని వేలాడుతుంది. ఎప్పుడు మారాలో నిర్ణయించేది ఫోనే గాని రౌటర్ కాదు. అన్ని పెట్టెలకూ ఒకే పేరు, ఒకే పాస్‌వర్డ్ పెట్టి, వాటి ప్రసార బలాన్ని కొంత తగ్గిస్తే ఫోను త్వరగా మారుతుంది. తాత్కాలికంగా వైఫైని ఒకసారి ఆపి తిరిగి వేయడం సరిపోతుంది.

వజ్రపుకొత్తూరు ఇంటిలో చివరకు జరిగినది ఇది. పాత రౌటర్ చిరునామా మార్చి డీహెచ్‌సీపీ ఆపాం. ఓఎన్‌టీని ఇనుప బీరువా మీదినుండి గోడ మేకుకు మార్చాం. గొట్టంలో ఫైబర్ వేసి వెనుక ఇంటిలోని ఎక్స్‌టెండర్‌నే తీగతో యాక్సెస్ పాయింట్‌గా వాడాం. వసారాలోనిది తీసివేశాం. వానలో వెనుక ఇంటినుండి వీడియో కాల్ తెగకుండా సాగింది. పశువుల శాల దగ్గర మాత్రం ఇప్పటికీ రాదు. అక్కడ తమకు అవసరం లేదని ఇంటివారే అన్నారు.

తుపాను రోజుల సంగతి మిగిలింది. ఓఎన్‌టీ సాధారణంగా 10 వాట్లకు మించి తీసుకోదు. 12 ఓల్టుల, 7 ఆంపియర్ అవర్ బ్యాటరీలో 84 వాట్ అవర్ల శక్తి ఉంటుంది. నష్టాలు పోగా అయిదారు గంటలు నడపవచ్చు. హెచ్చరిక వచ్చిన రోజున వెనుక ఇంటి పెట్టెలన్నీ ఆపి, ఆ బ్యాటరీని ఓఎన్‌టీకి మాత్రమే ఇవ్వాలి. స్తంభం పడి ఎర్ర దీపం వెలిగితే దానినీ ఆపి, మిగిలిన బ్యాటరీని ఫోన్ల చార్జింగుకు వాడుకోవాలి. గొట్టంలోని మన ఫైబర్ భూమిలో క్షేమంగానే ఉంటుంది గాని, వీధి తీగ తిరిగి వచ్చేవరకు దానిలో ప్రవహించడానికి ఏమీ ఉండదు. ఆ సమయంలో వార్తలు వినడానికి బ్యాటరీ రేడియో ఒకటి ఇంట్లో ఉంచమని విద్యార్థులు యజమానికి చెప్పగా, తిత్లీ నాటి రేడియో అటక మీద ఉందని, సెల్లులు మార్చాలని ఆయన అన్నారు.